సిరిమాను పండగలో లైవ్ స్క్రీన్ ప్రింటింగ్: విజయనగరం స్టాల్ కేస్ స్టడీ

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరంలో మా షాపు తరఫున ఒక స్టాల్ పెట్టాం. టీషర్టుల మీద, తువ్వాళ్ళ మీద జనం కళ్ళ ముందే ముద్ర వేసి, వేడి పెట్టి, చేతికి ఇవ్వడం పని. డిజైను ఎలా ఎంచుకున్నాం, ఏ ఇంకు వాడాం, ఎక్కడ ఇబ్బంది పడ్డాం, ఎలా గట్టెక్కాం అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మా జిల్లాలోనూ పక్కనున్న శ్రీకాకుళంలోనూ శుభలేఖలు, చేతిసంచులు, స్కూలు టీషర్టులు వేసే చిన్న షాపులు చాలా ఉన్నాయి. శుభలేఖలు ఫోన్లలోకి వెళ్ళిపోయాక వాళ్ళందరికీ పని తగ్గింది. అలాంటివాళ్ళలో పండగ స్టాల్ గురించి ఆలోచిస్తున్నవాళ్ళకి ఇది పనికొస్తే నాకు చాలా సంతోషం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లైవ్ ప్రింటింగ్ అంటే అందరి చూపూ స్క్వీజీ (స్క్రీన్ మీద ఇంకుని లాగే రబ్బరు పట్టీ) మీదే ఉంటుంది. స్టాల్ ఎంత వేగంగా నడుస్తుందో తేల్చేది మాత్రం హీట్ ప్రెస్, అంటే బట్టని వేడి ప్లేటు కింద నొక్కే మిషను. ముద్ర పడటానికి పావు నిమిషం చాలు. ఆ ముద్ర బట్టని వదలకుండా పట్టుకోవడానికి కావలసిన వేడి ఇవ్వాలంటే, బట్ట పెట్టడం తీయడంతో కలిపి నిమిషం దాటుతుంది. బట్ట రంగు, డిజైను, వైరింగు, క్యూ, చివరికి ఎవరి బట్ట తీసుకోవాలి ఎవరిది వద్దనాలి అన్నది కూడా, ఆ నిమిషాన్ని దృష్టిలో పెట్టుకుని వెనక్కి లెక్క వేసుకుంటూ తీసుకున్న నిర్ణయాలే.

పండగ వరస, స్టాల్ చోటు

విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను. ముందురోజు సోమవారం తొలేళ్ళు. మూడు లాంతర్ల దగ్గరున్న చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. 50, 60 అడుగుల మాను చివర పూజారి కూర్చుంటారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. లక్షల్లో జనం వస్తారు. మంగళవారం మధ్యాహ్నం దాటాక ఆ రోడ్డు మీద బారికేడ్లు, పోలీసులు, ఇసకేస్తే రాలనంత జనం. అక్కడ నిలబడి టీషర్టు కొనేవాడు ఎవరూ ఉండరు, ఉన్నా మనం బల్ల వేసుకోకూడదు. అంత పొడవు మాను తిరిగే వీధుల్లో ఆ పూట కరెంటు మీద ఆశ పెట్టుకోవడం కూడా తప్పే.

అందుకని మా వ్యాపారం అంతా మంగళవారం పొద్దున్నకి ముగిసిపోవాలని మొదటే అనుకున్నాం. ఉత్సవాల రోజుల్లో సాయంత్రాలు ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని తీసుకుని తిరుగుతారు. తొలేళ్ళ నాటికి పల్లెల నుంచి జనం దిగడం మొదలవుతుంది. ఆ రాత్రి అమ్మవారి దగ్గర విత్తనాలు తీసుకుందామని రైతులు వస్తారు, వాళ్ళతో ఇంటిల్లిపాదీ వస్తారు. హైదరాబాదులోనో విశాఖలోనో ఉద్యోగం చేసుకునే పిల్లలు పండక్కి ఇంటికొచ్చి, మర్నాడు సిరిమాను చూసేటప్పుడు వేసుకుందామని కొంటారు. వీళ్ళందరికీ సోమవారం సాయంత్రం ఇచ్చేయగలగాలి. ఒత్తిడంతా ఆ నాలుగైదు గంటల మీదే పడుతుంది.

చోటు మెయిన్ రోడ్డుకి ఒక వీధి లోపల, తెలిసినవాళ్ళ కొట్టు ముందున్న పోర్టికోలో తీసుకున్నాం. మైదానంలో టెంటు కింద తక్కువకి దొరికేది. కానీ అక్టోబరు నెల మన తీరానికి ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న వచ్చింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. తుఫాను రాకపోయినా ఒక గట్టి జల్లు చాలు, టెంటు కింద 160 డిగ్రీల ప్రెస్సులు, నేల మీద వైర్లు, తడి మట్టి. ఆ మూడూ ఒకచోట ఉండటం నాకు ఇష్టం లేదు. సిమెంటు నేల, పైన స్లాబు, మూడు పక్కల గోడ ఉన్న చోటుకి అద్దె ఎక్కువైనా ఇవ్వొచ్చు. ప్రింటింగ్ బల్ల కదలకుండా నిలబడటానికి కూడా చదునైన నేల కావాలి. మట్టి నేల మీద బల్ల ఒక కాలు దిగితే ముద్ర ఒక పక్క పలచగా పడుతుంది.

అమ్మవారి ముఖం వేయలేదు

స్టాల్ గురించి మాట్లాడటం మొదలుపెట్టగానే అందరూ అమ్మవారి ఫోటో వేయమన్నారు. బాగా అమ్ముడయ్యేది అదే, సందేహం లేదు. నేను ఒప్పుకోలేదు. టీషర్టు వేసుకుని మనిషి భోంచేస్తాడు, పడుకుంటాడు, చెమట పట్టిస్తాడు, విప్పి మూల పడేస్తాడు. ఏడాది తిరిగేసరికి అది ఇల్లు తుడిచే గుడ్డ అవుతుంది. అమ్మవారి ముఖం అక్కడ ఉండకూడదు. సిరిమాను మీద కూర్చునే పూజారిగారి బొమ్మ కూడా వద్దనుకున్నాం, ఆయన బతికున్న మనిషి, అడక్కుండా వేయకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు ఈ మాట పెడితే మా అత్త ఒకటే అంది: ‘మాను వెయ్యండి, సరిపోద్ది. మానుని చూస్తే అమ్మ గుర్తు రాదేటి?’

కాబట్టి డిజైన్‌లో ఉన్నవి మూడు: ఏటవాలుగా లేచిన సిరిమాను, కింద కోట బురుజు, పక్కన మూడు లాంతర్లు. పైన ‘జై పైడిమాంబ’ అని అక్షరాలు. సిరిమానుకి ఆ ఏటవాలే అందం. మొదలు కుడి పక్క నడుం దగ్గర లావుగా మొదలై, చివర ఎడమ భుజం వైపు సన్నబడుతూ వెళ్తుంది. చొక్కా వేసుకున్న మనిషి నడుస్తుంటే మాను కదిలినట్టు ఉంటుంది. సంవత్సరం అంకె వేయలేదు. వేస్తే మిగిలినవి మర్నాటి నుంచి పనికిరావు.

డిజైను వెడల్పు 9 అంగుళాలకి ఆపాం. పెద్దవాళ్ళ డబుల్ ఎక్సెల్‌కి కాస్త చిన్నదిగా అనిపిస్తుంది, పదేళ్ళ పిల్లాడి సైజుకి నిండుగా ఉంటుంది. పిల్లలకి వేరే, పెద్దలకి వేరే స్క్రీన్లు పెడితే జనం మధ్యలో మార్చుకుంటూ కూర్చోవాలి. ఒకటే స్క్రీను, దానికి జతగా అదే డిజైనుతో ఇంకొకటి స్పేరు. రెండూ అల్యూమినియం ఫ్రేములే. చెక్క ఫ్రేములు ఈ తేమకి వంకర తిరుగుతాయి, వాటికి బిగించిన జల్లెడ లాంటి బోల్టింగ్ క్లాత్ బిగువు సడలుతుంది.

తెలుగు అక్షరాల గురించి ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మన షాపుల్లో ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. బట్ట మీదికి మేం వాడింది 43టీ క్లాత్, అంటే సెంటీమీటరుకి 43 దారాలు. ఇంకు దండిగా దిగుతుంది, బట్టకి అది కావాలి. కానీ అదే క్లాత్ సన్నని ఖాళీలని మింగేస్తుంది. ‘జై’లో ఐత్వం కిందకి దిగి మెలితిరిగే చోట, ‘మాం’ పక్కనున్న సున్నా లోపల, ‘డి’ గుడి మలుపులో, ఖాళీ తక్కువగా ఉంటే పదో ఇరవయ్యో ముద్రలకి ఇంకు పూడిపోతుంది. కంప్యూటర్‌లో చూస్తే చక్కగా కనిపించే అక్షరం బట్ట మీద ముద్దలా తయారవుతుంది. అందుకే ఫాంటుని ఉన్నదున్నట్టు వాడలేదు. సున్నా లోపలి ఖాళీని పెంచి, ఐత్వాన్ని అక్షరం నుంచి కొంచెం కిందకి జరిపి, సన్నగా ఉన్న చోట్ల గీతని లావు చేసి, మళ్ళీ పాజిటివ్ (స్క్రీన్ తయారీకి వాడే ఫిల్ము) తీశాం. లోపలి ఖాళీ ఎక్కడా ఒక మిల్లీమీటరుకి తగ్గకూడదని పెట్టుకున్నాం. అంత ఖాళీ ఉంటే రోజంతా లాగినా అక్షరం తేటగా ఉంటుంది.

పసుపు బట్ట, ఎరుపు ఇంకు

కుర్రాళ్ళంతా నల్ల టీషర్టు అడిగారు. నల్లబట్ట మీద ఏ రంగు వేసినా ముందు తెల్ల పొర వేసి, దాన్ని ఫ్లాష్ (పై నుంచి వేడి కొట్టే హీటరు) కింద ఆరబెట్టి, ఆ పైన రంగు వేయాలి. రెండు స్క్రీన్లు, రెండు లాగుళ్ళు, రెండుసార్లు వేడి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలన్న టెన్షన్. ఒక్కో బట్టకి పట్టే సమయం రెట్టింపవుతుంది. పండగ స్టాల్‌లో అది నడవదు.

పసుపు బట్ట మీద కుంకుమ ఎరుపు వేస్తే ఒక్క లాగుడుతో అయిపోతుంది. కింద తెలుపు అక్కర్లేదు. పసుపు మీద ఎరుపు కాస్త నారింజ వైపు తిరుగుతుంది కాబట్టి ఇంకునే ఒక మెట్టు ముదురుగా కలుపుకున్నాం. పైగా అవి అమ్మవారి రంగులు, పండక్కి ఇంతకంటే తగినవి లేవు. నలుపు అడిగినవాళ్ళు కూడా స్టాల్ ముందు వేలాడుతున్న పసుపు చొక్కాలు చూశాక అవే తీసుకున్నారు. బట్ట తిరుపూరు నుంచి తెప్పించిన 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి 180 గ్రాముల) పూర్తి కాటన్, బయోవాష్ (నూగు పోయేలా ఎంజైములతో ఉతకడం) చేసింది. బయోవాష్ బట్ట మీద నూగు తక్కువ, ముద్ర నున్నగా పడుతుంది, స్క్రీను అడుగున దూది చేరదు.

ఇంకు విషయంలో వాటర్ బేస్, అంటే నీళ్ళతో చేసిన ఇంకు, అని ఒక ఆలోచన నడిచింది. చేతికి మెత్తగా ఉంటుంది, బట్టలో కలిసిపోతుంది. కానీ బయట గాలికి స్క్రీన్‌లోనే ఆరిపోతుంది. బేరం కుదిరేదాకా రెండు నిమిషాలు ఆగితే చాలు, సన్నగీతలు మూసుకుపోతాయి. కడగడానికి నీళ్ళు, ఆ నీళ్ళు పోయడానికి చోటు కావాలి. ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఇంకు స్క్రీన్ మీద గంటలు ఉంచినా ఆరదు, వేడి తగిలితేనే గట్టిపడుతుంది. జనం వచ్చినప్పుడు లాగొచ్చు, రానప్పుడు మూత కప్పి ఉంచొచ్చు. పిల్లలు వేసుకునేవి కాబట్టి థాలేట్లు (ప్లాస్టిక్‌ని మెత్తబరిచే రసాయనాలు) లేని రకమే తీసుకున్నాం, కొంచెం ధర ఎక్కువ. ఖర్చు గురించి భయపడనక్కర్లేదు, కిలో డబ్బా పండగంతా వచ్చి ఇంకా మిగిలింది. స్టాల్ దగ్గర స్క్రీను కడగడం పూర్తిగా మానేశాం. మిగిలిన ఇంకు గరిటతో తీసి డబ్బాలోకి, తుడిచిన గుడ్డలు ఒక సంచిలోకి, రాత్రికి అన్నీ షాపుకి. ప్లాస్టిసాల్ కాలవలోకి పోతే నీళ్ళలో కరగదు, ఎక్కడో అక్కడ పేరుకుంటుంది. ఊరంతా అమ్మవారు దొరికిన పెద్దచెరువు నీళ్ళని తలుచుకునే పండగలో మనమే కాలవలో రంగు పోయడం ఏం మర్యాద?

వేడి

ప్లాస్టిసాల్‌తో ఉన్న చిక్కు ఏమిటంటే, వంద డిగ్రీల చుట్టుపక్కలకే పైకి ఆరినట్టు కనిపిస్తుంది. వేలు పెడితే అంటదు. కొన్నవాడు సంతోషంగా తీసుకెళ్తాడు. లోపల మాత్రం అది సగం ఉడికిన అన్నం. ఇంకు పొర మొత్తం, అడుగున దారాన్ని తాకే చోటుతో సహా, 160 డిగ్రీల దాకా వెళ్తేనే పూర్తిగా కరిగి ఒక్కటవుతుంది. లేకపోతే రెండో ఉతుకుకి పగుళ్ళు, మూడో ఉతుకుకి పెచ్చులు.

మా వరస ఇది. బట్టని ముందు ప్రెస్‌లో అయిదు సెకన్లు నొక్కి తీస్తాం. సముద్రం దగ్గరి ఊళ్ళలో కాటన్ ఎప్పుడూ తేమ పట్టి ఉంటుంది. ఆ తేమ ముందే ఆవిరిగా పోకపోతే, ఇంకుకి అందాల్సిన వేడి నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయిపోతుంది. మడతలు కూడా పోతాయి. తరువాత పల్లెట్ (బట్ట పరిచే పలక) మీద పరిచి ముద్ర. స్క్రీనుకీ బట్టకీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడం ఉంచుతాం, స్క్వీజీ దాటగానే క్లాత్ తనంతట తాను బట్టని వదిలి పైకి లేవాలి. ఆపైన ఫ్లాష్ కింద ఏడెనిమిది సెకన్లు, అంటుకోకుండా అయ్యేంత వరకే. చివరికి ప్రెస్‌లో టెఫ్లాన్ షీటు కప్పి, ఒత్తిడి బాగా తగ్గించి, 160 దగ్గర 45 సెకన్లు.

రెండు ప్రెస్సులు పెడితే కాగితం మీద గంటకి 90 దాకా వస్తాయి. మేం 60, 70 మాత్రమే వస్తాయని అనుకుని టోకెన్లు రాశాం. మనుషులు సైజు మార్చుకుంటారు, చిల్లర వెతుక్కుంటారు, పిల్లాడు ఏడుస్తాడు. ఫ్లాష్ తగిలి పల్లెట్ కూడా వేడెక్కుతుంది. పల్లెట్ కాలిందంటే స్క్రీన్ అడుగున ఇంకు గట్టిపడి గీతలు మూసుకుపోతాయి. అందుకే పల్లెట్లు రెండు పెట్టుకుని మార్చి మార్చి వాడాం, మధ్యమధ్య తడిగుడ్డతో చల్లార్చాం.

కరెంటు లెక్క ప్రతి షాపువాడూ ముందే వేసుకోవాలి. ఫ్లాష్ ఒకటి, ప్రెస్సులు రెండు, ఒక్కోటి సుమారు 1.8 కిలోవాట్లు. మొత్తం 5 కిలోవాట్లు దాటింది. 230 వోల్టుల మీద అది 23 ఆంపియర్లకి పైనే. చిన్న కొట్టు మీటరు అంత మోయలేదు. 10 కేవీఏ జనరేటర్ అద్దెకి తెచ్చి, ఒక్కో ప్రెస్సుకి విడిగా లైను, విడిగా 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించాం. ఎక్స్‌టెన్షన్ బాక్సులో రెండు ప్రెస్సులు గుచ్చడం ప్రమాదం.

ఇంత చేసినా సోమవారం సాయంత్రం దెబ్బ తగిలింది. జనం బాగా ఉన్న సమయం. ప్రెస్ దగ్గరున్న కుర్రాడు పిలిచాడు: ‘అన్నా, ఇది ఎక్కట్లేదు, చూడండి.’ డిస్‌ప్లేలో అంకె 160 నుంచి దిగి 141 దగ్గర నిలబడింది. బట్ట పెట్టిన ప్రతిసారీ ఇంకా కిందకి పడుతోంది, మళ్ళీ పైకి రావడానికి చాలాసేపు పడుతోంది. అప్పుడే బయటికొచ్చిన చొక్కా ఒకటి తీసుకుని మాను గీత దగ్గర రెండు బొటనవేళ్ళతో పట్టి లాగాను. సరిగ్గా వేడి పట్టిన ముద్ర బట్టతో పాటు సాగి వెనక్కి వస్తుంది. ఇది సాగలేదు. మాను మధ్యలో సన్నని పగులు వచ్చి, కింద పసుపు బట్ట కనిపించింది.

జనరేటర్ దగ్గరికి వెళ్ళి చూస్తే సంగతి తెలిసింది. లైటింగు పెట్టినవాళ్ళు మాతో ఒక మాట అనకుండా పక్క స్టాల్ జ్యూస్ మిక్సీలకీ, వీధి చివరి సీరియల్ లైట్లకీ మా జనరేటర్ నుంచే లైను లాగారు. వైరు సన్నది, చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉంది. వోల్టేజీ పడిపోతే ప్రెస్సులో కాయిల్ ఇచ్చే వేడి దానికంటే ఎక్కువ పడిపోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వేడి దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. అందుకే అంకె అంత కిందకి వచ్చింది.

క్యూ ఆపేశాం. నిలబడ్డవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాం: వేడి చాలడం లేదు, ఇప్పుడు ఇస్తే ముద్ర నిలవదు, ఆగలేనివాళ్ళకి డబ్బు వెనక్కిస్తాం, ఆగేవాళ్ళు టోకెను దగ్గర పెట్టుకోండి. కొందరు డబ్బు తీసుకుని వెళ్ళారు. ఎక్కువమంది ఆగారు. లైను వేరు చేయించి, ప్రెస్సులు మళ్ళీ 160కి ఎక్కి, వరసగా మూడు బట్టలు లాగుడు పరీక్షకి నిలబడ్డాక గానీ మొదలుపెట్టలేదు.

అంతకుముందు చేతికి వెళ్ళిపోయిన చొక్కాల సంగతి మిగిలింది. టోకెను పుస్తకంలో ప్రతి నంబరు ఎదురుగా సమయం, ఫోన్ నంబరు రాసే పద్ధతి పెట్టుకున్నాం. మంచి ముద్ర అని తేలిన ఆఖరి టోకెను తరువాతి వాళ్ళందరికీ ఫోన్ చేసి, ఉతక్కుండా తెమ్మన్నాం. ప్లాస్టిసాల్‌లో ఒక మేలు ఉంది, తక్కువ వేడి తగిలినదాన్ని మళ్ళీ పెట్టి పూర్తి వేడి ఇవ్వొచ్చు, ముద్ర చెడదు. మంగళవారం పొద్దున్న వాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడి ప్రెస్ చేయించుకుని వెళ్ళారు. నెల్లిమర్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం నమ్మకం కుదరక అడిగాడు: ‘ఇప్పుడైనా ఉంటాదేటి బాబూ?’ ‘ఉంటాది తాతా, మీరే లాగి చూడండి’ అని చేతికిచ్చాను. రెండు చేతులా గట్టిగా లాగి, వెలుతురుకి ఎత్తి చూసి, మనవడికి తొడిగాడు. ఫోన్ నంబరు రాసుకోవడం వల్ల క్యూ కొంచెం నెమ్మదిస్తుంది. అయినా రాసుకోండి.

పిల్లల చేతికి స్క్వీజీ

లైవ్ అన్న మాటకి అర్థం ఉండాలంటే కొనేవాళ్ళ చెయ్యి కూడా పడాలని నా నమ్మకం. లేకపోతే షాపులో వేసి తెచ్చి అమ్మినా ఒకటే. రద్దీ లేని వేళల్లో, అంటే పొద్దున్న పూటల్లో, పిల్లలకి ఏప్రాన్ కట్టి స్క్వీజీ పట్టించాం. మా ప్రింటరు చేతులు పిల్లాడి చేతుల మీద ఉంటాయి, వంపు, ఒత్తిడి ఆయనవి. స్క్రీను ఎత్తగానే మాను కనిపిస్తుంది. ఆ క్షణంలో పిల్లల మొహం చూడాలి, ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో మేం అలాగే చూసేవాళ్ళం. సాయంత్రాలు మాత్రం ఇది పెట్టలేదు. ప్రెస్సులు ఎప్పుడూ లోపలి గోడ పక్కనే, ముందు బెంచీ అడ్డం. పిల్లలకి కనిపించాలి, చేతికి అందకూడదు. మంటలార్పే సిలిండరు ఒకటి బల్ల కిందే ఉంచాం.

తెచ్చిన బట్టలు

సొంత బట్ట తెస్తే ముద్ర వేస్తామని బోర్డు పెట్టాం, పూర్తి కాటన్ అయితేనే అని కింద రాశాం. పాలిస్టర్ జెర్సీలు చాలామంది తెచ్చారు. 160 దగ్గర పాలిస్టర్ మెరుపు తేలుతుంది, ముడుచుకుంటుంది, బట్టలోని రంగు ఊరి ఇంకులోకి వస్తుంది. వాటికి తక్కువ వేడికి పట్టే ఇంకు వేరే ఉంటుంది, మా దగ్గర లేదు, వద్దని పంపేశాం. పల్చని కాటన్ తువ్వాళ్ళకి ముద్ర బాగా వచ్చింది, కాకపోతే ఇంకు అవతలికి దిగుతుంది, అడుగున ప్రతిసారీ ఒక కాగితం మార్చాలి. టర్కీ టవల్ మీద మాత్రం కుచ్చుల్లో గీత పోతుంది, అక్షరం చదవలేం.

ఒకాయన పొందూరు ఖద్దరు చొక్కా తెచ్చాడు. వాలుగ చేప దవడ పళ్ళతో దూదిని దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేసే బట్ట అది. శ్రీకాకుళం జిల్లాలో ఆ పని చేసేవాళ్ళు ఇంకా ఉండటం మనందరి అదృష్టం. గాలి ఆడటమే దాని గొప్ప. అంత నాజూకు నేత మీద ప్లాస్టిసాల్ పొర పరిస్తే ఛాతీ మీద అట్ట కట్టినట్టు ఉంటుంది, గాలి ఆడదు. వేయనని చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు, డబ్బు ఎక్కువిస్తానన్నాడు. అలాంటి బట్టకి వాటర్ బేస్ ఇంకుతో, షాపులో, నిదానంగా వేయాలి. అలా వేసి ఇస్తానని ఒప్పుకుని చొక్కా తిరిగి ఇచ్చేశాను. పండగ అయ్యాక ఆయన షాపుకి వచ్చాడు, జేబు కింద చిన్న మాను ఒకటి వేసి ఇచ్చాం.

డబ్బు

పెట్టుబడిలో పెద్ద భాగం ఖాళీ టీషర్టులే. తరువాత జనరేటరు, డీజిలు, చోటు అద్దె, మనుషుల కూలి. ఇంకు, స్క్రీన్లు వీటి పక్కన పెద్ద లెక్కలోకి రావు. లైవ్ పద్ధతిలో డబ్బుపరంగా ఉన్న పెద్ద లాభం ఏమిటంటే, అమ్ముడుపోనిది ఖాళీ బట్టగానే మిగులుతుంది. ముందే ముద్ర వేసి తెచ్చుకుంటే ఏ సైజు ఎంత పోతుందో ఊహించాలి, మిగిలినవి వచ్చే ఏడు దాకా అటక మీద ఉంటాయి. మాకు మీడియం, లార్జ్ ముందే అయిపోయాయి, డబుల్ ఎక్సెల్ మిగిలాయి. పిల్లల సైజుల్లో మిగిలినవి తరువాత ఒక స్కూలు స్పోర్ట్స్ డేకి ఎల్లో హౌస్ టీషర్టులుగా వెళ్ళిపోయాయి. బట్ట రంగు ఎంచుకునేటప్పుడు ఇది కూడా చూసుకోండి.

ఇచ్చిన ప్రతి చొక్కాతో ఒక చీటీ పెట్టాం: ఒక రోజు ఆగి ఉతకండి, తిరగేసి ఉతకండి, ముద్ర మీద నేరుగా ఇస్త్రీ పెట్టకండి. మా ఇంట్లోవీ, పనివాళ్ళవీ వారం వారం ఉతికి చూస్తున్నాం. మంగళవారం మళ్ళీ వేడి పెట్టినవాటిలో ఒకటి మా దగ్గరే ఉంచుకున్నాం, అది కూడా మిగతావాటితో సమానంగా నిలబడింది.

ఇప్పుడు అరసవల్లి రథసప్తమికి శ్రీకాకుళంలో పెట్టమని అడుగుతున్నారు. అక్కడి లెక్క వేరు. మాఘమాసంలో గాలి పొడిగా ఉంటుంది, స్క్రీన్ తయారీలో క్లాత్ మీద పూసే ఎమల్షన్ త్వరగా ఆరుతుంది, బట్టలో తేమ తక్కువ. కానీ భక్తులు అర్ధరాత్రి నుంచే దర్శనానికి వస్తారు, తెల్లారేసరికి రద్దీ అంతా ఉంటుంది, అంటే ప్రెస్సులు చలిలో, రాత్రిపూట నడవాలి. చలిగాలికి పై ప్లేటు త్వరగా చల్లబడుతుంది కాబట్టి మూడు పక్కలా మూసిన చోటు తప్పనిసరి. తెల్లబట్ట మీద ఒక్క రంగు, సూర్యుడి ముఖం కాకుండా రథచక్రం. జనరేటరు మాత్రం ఈసారి మా పేరు మీదే అద్దెకి తీసుకుని, బోర్డుకి తాళం వేసి, తాళంచెవి ప్రెస్ దగ్గరుండే కుర్రాడికే ఇస్తాం.